పుల్లరి లెక్క తెలిసిన కథలు

తెలుగు పాటలో, బొమ్మలో, సినిమాలో రైతు పొలానికి బయల్దేరేది జ్యేష్ఠంలో. తొలకరి పడుతుంది, ఏరువాక పున్నమికి ఎద్దుల కొమ్ములకు రంగులేస్తారు, అరక కడతారు, సంక్రాంతికల్లా ధాన్యం ఇంటికొస్తుంది. కృష్ణా గోదావరి డెల్టాలకు ఈ పంచాంగం అతికినట్టు సరిపోతుంది. నెల్లూరు తీరానికి సరిపోదు. ఇక్కడ పెద్దవానలు ఆశ్వయుజ కార్తీకాల్లో ఈశాన్య రుతుపవనంతో వస్తాయి, వాటి వెన్నంటే వాయుగుండాలూ వస్తాయి. పెద్దపంటకు నాట్లు ఆ రోజుల్లోనే. కోతలు మాఘ ఫాల్గుణాల్లో, ఒక్కోచోట ఉగాది దాటాక కూడా. డెల్టావాళ్ళు కొత్తబియ్యంతో పొంగలి పెట్టుకునే నాటికి కోవూరు, విడవలూరు, ఇందుకూరుపేట వైపు చాలా కయ్యల్లో పైరు ఇంకా పచ్చగానే ఉంటుంది. అక్కడ ఏరువాక సాగేవేళ ఇక్కడ రెండో పంటైన ఎడగారు పైరు ఎండకు కాగుతూ కాలవ నీళ్ళకోసం చూస్తుంటుంది.

1955లో వచ్చిన ‘రోజులు మారాయి’ సినిమాకు కొసరాజు రాసిన ఏరువాక పాటను నెల్లూరు వాళ్ళూ తమదిగానే పాడుకున్నారు. తప్పేం లేదు, మంచి పాట ఎవరిదైనా అవుతుంది. అయితే ఈ తీరపు రైతును ఈ తీరపు పంచాంగంలో, ఈ తీరపు లెక్కల్లో చూపించిన కళ ఎంత, అందులో నిలిచిందెంత అన్నది ఇంతవరకు ఎవరూ గట్టిగా బేరీజు వేయలేదనిపిస్తుంది. వేసి చూస్తే నాకు తోచేది ఒకటే: పచ్చదనాన్ని చూసి మురిసిన రచనలు వాడిపోయాయి. గట్టు ఎవరిది, గడ్డి ఎవరిది, గింజలో ఎవరి వాటా ఎంత అని అడిగినవి నిలిచాయి.

ఆ ప్రశ్న అడిగిన తొలి కథ ఏడెనిమిది వందల ఏళ్ళనాటిది. కాటమరాజు కథ. పదమూడో శతాబ్దం, నెల్లూరును తెలుగు చోళులు ఏలుతున్న కాలం. కరువు వచ్చి శ్రీశైలం వైపు పచ్చిక మాడిపోయింది. యాదవ నాయకుడు కాటమరాజు ఆలమందలను తోలుకుని నెల్లూరు సీమకు దిగాడు. రాజు నల్లసిద్ధి మేతకు ఒప్పుకున్నాడు. బదులుగా పుల్లరి కింద కోడెదూడలు ఇవ్వాలని ఒప్పందం. ఆ తర్వాత ఏదో ఒక దగ్గర మాట చెడింది. రాజు మనుషులు ఆవులను చంపారనీ, గొల్లలు పుల్లరి ఎగ్గొట్టారనీ, ఎవరు చెప్పే కథలో వాళ్ళ వాదన ఉంటుంది. చివరికి పాలేటి ఒడ్డున పంచలింగాల దగ్గర యుద్ధం. రాజు తరఫున ఖడ్గతిక్కన వెళ్ళాడు. ఒకసారి వెనక్కి వచ్చినందుకు ఇంటి ఆడవాళ్ళు స్నానానికి మంచం అడ్డుపెట్టి పసుపుముద్ద పెట్టారనీ, ఆ అవమానానికి తిరిగి వెళ్ళి ప్రాణం విడిచాడనీ చెప్పుకునేది ఇతని గురించే.

బడిపుస్తకాలు ఈ కథలోంచి పసుపుముద్దను పట్టుకున్నాయి, పుల్లరిని వదిలేశాయి. వీరత్వం పాఠమైంది, తగాదా అడుగున పడింది. కానీ గొల్లల కోసం కొమ్ము ఊది ఈ కథ చెప్పే కొమ్మువాళ్ళు పుల్లరిని వదల్లేదు. వాళ్ళ శ్రోతలకు అది బతుకు విషయం. గడ్డి రాజుదా, మేసే ఆవుదా? వాన దేవుడిచ్చేదైతే ఆ వానకు మొలిచినదాని మీద శిస్తు కట్టడమేమిటి? రాత్రుళ్ళు సాగే ఆ కథాగానాల్లో ఈ వాదం పదేపదే వస్తుంది. తంగిరాల వెంకట సుబ్బారావు 1970లలో కాటమరాజు కథలను రెండు సంపుటాలుగా పరిష్కరించి అచ్చులోకి తెచ్చారు. శ్రీనాథుడి పేరు మీద కూడా ఒక కాటమరాజు కథ చెలామణిలో ఉంది. కవిసార్వభౌముడికి అంటగట్టినా అంటగట్టకపోయినా కథకు వచ్చే లోటేమీ లేదు. దాని బలం ఒప్పందపు షరతులో ఉంది.

ఇక్కడొక విచిత్రం. ఖడ్గతిక్కనకు దాయాది అయిన కవి తిక్కన నెల్లూరులోనే భారతాన్ని విరాటపర్వంతో అందుకున్నాడు. విరాటపర్వంలో అసలు యుద్ధం ఆవులమందల కోసమే. ఇంట్లో ఒకరు గోగ్రహణం రాశారు, ఇంకొకరు ఆలమందల తగాదాలో పోయారు. ఏది ముందో ఏది వెనకో తేల్చే పని చరిత్రకారులది. ఆ రోజుల్లో ఈ సీమలో ఆస్తి అంటే మాగాణికంటే ముందు మంద అన్నది మాత్రం రెండు కథలూ చెబుతాయి.

మాగాణి ఆస్తిగా బలపడింది ఆనకట్టల తర్వాత. పెన్న మీద 1855లో నెల్లూరు ఆనకట్ట కట్టారు, 1880లలో సంగం ఆనకట్ట వచ్చింది. కనిగిరి రిజర్వాయరు కింద కాలవలు సాగాయి. నెల్లూరు మొలగొలుకుల బియ్యానికి మద్రాసు దాకా పేరొచ్చింది. ఈ కొత్త మాగాణి రైతుల ఇళ్ళలోంచి, కాస్త పొలం, కాస్త చదువు, కాస్త తీరిక ఉన్న ఇళ్ళలోంచి, ఒక కవి వచ్చారు.

దువ్వూరి రామిరెడ్డి 1895లో పుట్టారు, 1947లో పోయారు. ఉమర్ ఖయ్యామును ‘పానశాల’గా తెచ్చిన కవికోకిలగానే లోకానికి ఎక్కువ తెలుసు. పారశీకం నేర్చుకుని మరీ ఆ పని చేశారు, సినిమాలకూ పనిచేశారు. కానీ ఆయన పెమ్మారెడ్డిపాళెంలో సేద్యం చేసిన మనిషి. ‘కృషీవలుడు’ ఆ చేతులు రాసిన కావ్యం. ఆధునిక తెలుగు కవిత్వంలో రైతును కావ్యనాయకుణ్ణి చేసిన తొలి ప్రయత్నాల్లో అదొకటి. భావకవులు వెన్నెల వెంట పడుతున్న రోజుల్లో మడకను, గట్టును, తెల్లవారుజామున పొలానికి పోయే మనిషిని పద్యంలోకి తేవడం మామూలు సాహసం కాదు. రైతును చూసి జాలిపడటం తేలిక. రామిరెడ్డి జాలిని పక్కనపెట్టి గౌరవం అడిగారు.

అయినా ఈనాడు ‘కృషీవలుడు’ చదువుతుంటే ఒక వెలితి కనబడుతుంది. రైతు, భూమి, ఆకాశం అన్న ముగ్గురి మధ్యే కావ్యం నడుస్తుంది. మాగాణి సేద్యంలో ఆ ముగ్గురే ఉండరు కదా! కరణం ఉంటాడు, షావుకారు ఉంటాడు, కాలవ లస్కరు ఉంటాడు. అన్నిటికీ మించి నాటేవాళ్ళు, కోసేవాళ్ళు ఉంటారు. వాళ్ళలో ఎక్కువమంది దళితవాడల ఆడవాళ్ళు, వాళ్ళకు ఆ గట్టు మీద సెంటు నేల ఉండదు. సొంత పొలం ఉన్న సేద్యగాడి చూపు ఎంత నిజాయతీగా ఉన్నా తన కయ్య హద్దుల్లోనే ఆగిపోతుంది. ఆ కాలంలో ఆ తరగతి మనిషి అంతకంటే ముందుకు పోగలడా అని అడగొచ్చు. పోయినవాళ్ళు ఉన్నారు. అదే కోవూరు మాగాణి ప్రాంతం అలగానిపాడులో 1913లో భూస్వామి ఇంట పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య యువకుడిగా మొట్టమొదట చేసిన పనుల్లో సొంత ఊరి వ్యవసాయ కూలీలను కూడగట్టడం ఒకటి. ఆయన కవి కారు. అయితే నెల్లూరు సేద్యంలో రెండో మనిషి ఉన్నాడని పద్యం కంటే ముందు ఉద్యమమే గుర్తించింది.

జిల్లా దక్షిణాన, పడమట మరో రకం భూమి ఉండేది. వెంకటగిరి జమీ. అక్కడ రైతుకు పట్టా ఉన్నా లేనట్టే, అడవి ఉన్నా మేతకు హక్కు లేనట్టే. 1930లలో సాగిన రైతుల ఆందోళనలో శిస్తుతో పాటు అడవి, మేత హక్కుల గొడవ మళ్ళీ పైకొచ్చింది. కాటమరాజు నాటి పుల్లరి కొత్త దస్తావేజుల్లో తిరిగొచ్చిందన్నమాట. ఈ పోరుకు గొంతుగా 1920ల చివర నెల్లూరు వెంకట్రామానాయుడు మొదలుపెట్టిన ‘జమీన్ రైతు’ పత్రిక నిలబడింది. బతికిన రైతు పత్రికలు తెలుగులో చాలా తక్కువ. పరిశోధకుడిగా పేరుపొందిన బంగోరె కూడా అందులో పనిచేసినవారే. పత్రికా రచనను కళ అనొచ్చా అని కొందరు ముఖం చిట్లిస్తారు. ఊరి పేరు, సర్వే నంబరు, ఠాణేదారు చేసిన జబర్దస్తీ ఒక్కొక్కటీ నమోదు చేసే ఆ రాతలు, రైతును దేవుడని కీర్తించిన చాలా పద్యాలకంటే నేలకు దగ్గరివి.

ఆ ఊపులోనే 1939లో గూడవల్లి రామబ్రహ్మం ‘రైతుబిడ్డ’ తీశారు. బళ్ళారి రాఘవ అందులో రైతు. గోపీచంద్, తాపీ ధర్మారావు, కొసరాజు లాంటి వాళ్ళు కలం పట్టారు. జమీందారీ దాష్టీకం మీద తీసిన ఆ సినిమాకు పెట్టుబడి చల్లపల్లి జమీందారుది! మిగతా జమీందారులు మండిపడ్డారు, ప్రదర్శనకు అడ్డంకులు వచ్చాయి. రైతు మీద కళకు డబ్బు ఎవరు పెడతారన్న ప్రశ్న అప్పుడూ చిక్కుదే, ఇప్పుడూ చిక్కుదే. తర్వాత ప్రజానాట్యమండలి బుర్రకథలు, సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుల ‘మాభూమి’ నాటకం, దాని మీద నిషేధం. ఆ చరిత్ర తెలిసిందే. అది ప్రధానంగా కృష్ణా, గుంటూరు, తెలంగాణల చరిత్ర. 1948లో జమీందారీల రద్దు చట్టం వచ్చింది. శత్రువు కనుమరుగైతే నాటకం ఎలా చప్పబడుతుందో ఆ తర్వాతి రెండు దశాబ్దాల రైతు సినిమాలు చూస్తే తెలుస్తుంది. పట్నం నుంచి తిరిగొచ్చిన చదువుకున్న కొడుకు, ట్రాక్టరు మీద పాట, చివరికి ఊరంతా ఒకటి.

ఇరవయ్యో శతాబ్దంలో నెల్లూరు నేల మీద పుట్టి లోకాన్ని కదిలించిన రచన ఏదంటే నేను ఒక వాచకంలో పాఠం పేరు చెబుతాను. 1990 దాటాక జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. కళాజాతాలు ఊరూరా తిరిగాయి. రాత్రిబడిలో కూలినాలి చేసుకునే ఆడవాళ్ళు దిద్దిన పాఠాల్లో ‘సీతమ్మ కథ’ ఒకటి. మొగుడి సారా తాగుడికి విసిగిన ఒక సీతమ్మ, ఊరి ఆడవాళ్ళను కూడగట్టి సారా కొట్టు మూయించడం అందులో విషయం. కలిగిరి వైపు మెట్టలోని దూబగుంటలో ఆడవాళ్ళు పాఠం చదివి ఊరుకోలేదు, తమ ఊళ్ళో అదే చేసి చూపించారు. 1992లో ఆ మంట జిల్లాకంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా ఆగింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. తర్వాత రెండేళ్ళకే దాన్ని సడలించారనుకోండి, అది వేరే కథ.

సాహిత్య చరిత్రల్లో ఈ పాఠానికి చోటు లేదు. ఉపమానం లేదు, అలంకారం లేదు, కవి పేరు కూడా లేదు. ఉన్నదల్లా ఒక లెక్క. పొద్దంతా నాటేసినందుకు వచ్చిన కూలి డబ్బులు సాయంత్రానికి ఎక్కడికి పోతున్నాయి? కయ్యకూ సారా కొట్టుకూ మధ్యనున్న ఆ దారిని ‘కృషీవలుడు’ చూడలేదు, సినిమా చూడలేదు. ఒక్క పేజీ పాఠం చూసింది. నాగలికీ నేలకూ మధ్య బంధాన్ని ఎంతోమంది పాడారు. ఒంటి చాకిరి తప్ప నేలతో మరే సంబంధమూ లేని మనిషి తన కథను తానే కూడబలుక్కుని చదువుకుంది, చదివి కదిలింది.

బొమ్మల సంగతికి వస్తే, మన చిత్రకారులకు రైతుకంటే ఎద్దు మీద ప్రేమ ఎక్కువ. అందులో ఆశ్చర్యం లేదు. ఒంగోలు జాతి మూపురం, గంగడోలు గీతకు అంత బాగా లొంగుతాయి. ఆ జాతి ఓడలెక్కి బ్రెజిల్ చేరి అక్కడ ‘నెలోర్’ పేరుతో కోట్ల సంఖ్యలో పెరిగింది. ఇక్కడ మాత్రం తీరపు మాగాణిలో ఎద్దుల దుక్కి దాదాపు కనుమరుగైంది. దమ్ము ట్రాక్టరుది, కోత మిషనుది. అయినా కలెక్టరాఫీసు గోడ మీద, బ్యాంకు క్యాలెండరు మీద, బస్టాండు ముందర సిమెంటు బొమ్మల్లో ఇంకా ఎద్దులే, తలపాగాయే, మడకే. చైన్ల మీద పాకుతూ తడికయ్యలో దిగే కోతమిషను చూడ్డానికి మోటుగా ఉంటుంది నిజమే. కానీ దాని గంట బాడుగ ఎంతన్నదాని మీదే ఈవేళ రైతు నిద్ర ఆధారపడి ఉంది. ఒక్క చిత్రకారుడైనా దాని పసుపుపచ్చ ఒంటినీ, వెనక ఎగసే పొట్టుధూళినీ కాన్వాసుకెక్కించాలని ఎందుకు అనుకోడు?

ఫ్రాన్సులో మిలే 1857లో పరిగె ఏరుకునే ముగ్గురు ఆడవాళ్ళను గీశాడు. నడుములు వంగి ఉంటాయి, ముఖాలు సరిగా కనిపించవు. వెనక దూరంగా కుప్పలు, బళ్ళు, గుర్రం మీద కావలిదారు. పంట ఎవరిదో, పరిగె ఎవరిదో ఒక్క చూపులో తెలిసిపోతుంది. ప్యారిస్ పెద్దమనుషులకు అది రుచించలేదు. మనదేశంలో 1938 హరిపురా కాంగ్రెసు కోసం నందలాల్ బోస్ గీసిన బొమ్మల్లో దున్నేవాళ్ళూ, పనిపాటల వాళ్ళూ ఉన్నారు. అవి అందమైన బొమ్మలు, ధీమాగల బొమ్మలు, కానీ పొలం ఎవరిదన్న గొడవ వాటిలో లేదు. ఆ గొడవను కెమెరాతో పట్టుకున్నది పాలగుమ్మి సాయినాథ్. పల్లె ఆడవాళ్ళ పనిని పదేళ్ళపాటు ఫోటోలు తీసి, ఆ ప్రదర్శనను గ్యాలరీల్లోనే ఉంచకుండా ఊళ్ళకూ తీసుకెళ్ళారు. నాట్లేసే ఆడవాళ్ళ వంగిన వరస మన క్యాలెండర్లలోనూ ఉంటుంది. క్యాలెండరులో అది నేల మీద వేసిన ముగ్గులా ఉంటుంది, ఆయన ఫోటోలో నడుంనొప్పి కనిపిస్తుంది.

ఇప్పుడు ఈ తీరంలో నేలకూ మనిషికీ ఉన్న సంబంధం ఏమిటి? కోతల కాలంలో తారురోడ్డు వెంట ధాన్యం ఆరబోసిన చోట కాసేపు నిలబడితే చాలు. దళారి బండి ఆపి దిగుతాడు. రాశిలో మోచేతిదాకా చెయ్యి పెట్టి అడుగునుంచి పిడికెడు తీస్తాడు. రెండు అరచేతుల మధ్య నలిపి ఊక ఊదేసి, ఒక గింజను పంటికింద వేస్తాడు. టక్కుమంటే ఆరినట్టు, మెత్తగా నలిగితే తేమ ఉన్నట్టు. ప్రభుత్వ కేంద్రంలోనైతే మిషను పెడతారు, 17 శాతం దాటితే తిప్పలే. ఇక్కడ బేరం క్వింటాలులో సాగదు, పుట్టిలో సాగుతుంది. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు. దాని మీద తరుగు పేరుతో ఇంకొన్ని కిలోలు పోతాయి. ఆకాశంలో మబ్బు కమ్మితే రేటు ఇంకాస్త దిగుతుంది. పంటికింద గింజ నలిగేంతసేపు రైతు దళారి ముఖంలోకి చూస్తూ నిలబడతాడు. నాటకకర్తకు ఇంతకంటే ఏం కావాలి?

ఆ నిలబడినవాడు పొలం ఆసామి కాకపోవచ్చు కూడా. తీరపు మాగాణిలో చాలాచోట్ల సేద్యం కౌలుదారు చేతిలో ఉంది. ఆసామి నెల్లూరులోనో హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటాడు. ఒప్పందం నోటిమాట. పంట పోతే నష్టం కౌలుదారుది, పరిహారం పాసుపుస్తకం ఉన్నవాడిది. 2011లో ఒక చట్టం, 2019లో ఇంకో చట్టం వచ్చి కార్డులన్నారు. రెండో చట్టం కింద కార్డుకు ఆసామి ఒప్పుకోలు కావాలి, సంతకం పెడితే భూమి పోతుందని ఆసామికి భయం. నేలను కన్నతల్లి అనే పాటలు మనకు బోలెడు. ఏడాదికోసారి అద్దె కట్టి, వచ్చే ఏడు ఉంటుందో లేదో తెలియని నేలను ఏమని పిలవాలి? దానికి మన పాటల్లో వరస కుదరలేదు.

ఇంకాస్త తూర్పుకి పోతే వరి కూడా ఉండదు. 1990లలో టైగర్ రొయ్య వచ్చింది, డబ్బొచ్చింది, వెంటనే తెల్లమచ్చ తెగులొచ్చింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు తీరపు రొయ్యల గుంటలకు కళ్ళెం వేసింది. 2009 తర్వాత వనామి రొయ్య వచ్చి ఆట మళ్ళీ మొదలైంది. గుంట పక్కనున్న కయ్యకు ఉప్పుఊట దిగుతుంది, రెండు మూడేళ్ళకు ఆ రైతూ వరి మానేసి గుంట తవ్విస్తాడు. ఇది దుర్మార్గుడు, మంచివాడు అని విడదీసి చెప్పగల కథ కాదు. ఊటకు నష్టపోయినవాడే రేపు ఊటకు కారణమవుతాడు. ముత్తుకూరు వైపు 2008లో కృష్ణపట్నం రేవు, ఆ చుట్టూ కరెంటు ఫ్యాక్టరీలు. దక్షిణాన పులికాటు దాటితే శ్రీహరికోట. రాకెట్ల కోసం దీవిని తీసుకున్నప్పుడు కదలాల్సి వచ్చినవాళ్ళలో యానాదులున్నారు. వాళ్ళ గురించి వెన్నెలకంటి రాఘవయ్య జీవితమంతా పనిచేశారు, రాశారు. ఇవాళ అదే తెగ మనుషుల్లో ఎందరో రొయ్యల గుంటల మీద కాపలా ఉంటున్నారు. దున్నేవాడూ కాదు, కౌలుదారూ కాదు, రోజుకూలీ కూడా కాదు. గట్టు మీద గుడిసె, ఏరియేటర్ల హోరు, గంటగంటకు చెక్‌ట్రే పైకెత్తి మేత తిన్నాయో లేదో చూడటం, కరెంటు పోతే జనరేటరుకు పరుగు.

ఈ లోపల రైతులే తమ గురించి తాము వీడియోలు తీసుకోవడం మొదలుపెట్టారు. గుంట గట్టు మీద నిలబడి ఫోను చేత్తో పట్టుకుని, ఇవాళ ముప్పై కౌంటు (కిలోకు ముప్పై రొయ్యలు) రేటెంత, వంద కౌంటు రేటెంత, సీడు ఎక్కడ తేవాలి, నీళ్ళలో ప్రాణవాయువు తగ్గితే ఏం చేయాలి అని మాట్లాడే వీడియోలు వేలమంది చూస్తున్నారు. విమర్శకులు వీటిని చూడరు. నేను చూస్తాను, ఎందుకంటే వీటిలో సొగసు లేదు, లెక్క ఉంది. మేత ఖర్చు, కరెంటు బిల్లు, కొనుగోలుదారు చేసిన మోసం, అన్నీ పైసలతో సహా చెబుతారు. కొమ్ముకథకుడికి పుల్లరి ఎలాగో వీళ్ళకు కౌంటు అలాగ. ఒకటే కొరత. కెమెరా పట్టుకున్నది గుంట పెట్టినవాడు, చూపించేది అతని నష్టం, అతని లాభం. పట్టుబడి రాత్రి మెడలోతు నీళ్ళలో వల లాగేవాళ్ళు, గట్టు మీద కాపలావాడు ఫ్రేములో ఉంటారు గానీ మాట్లాడరు. ఆ కాపలావాడి జీతమెంతో, రొయ్య చచ్చిన నెలలో ఆ జీతం వచ్చిందో లేదో ఇంతవరకు ఏ వీడియోలోనూ నాకు వినబడలేదు.